ఎంపీ4 క్లిప్‌ను జిఫ్‌గా మారిస్తే 1.4 ఎంబీ కాస్తా 61 ఎంబీ అవుతోంది, పైగా గోడ నిండా చుక్కలు

రాట్నం:

ఒక సహాయ పేజీలో పెట్టడానికి రెండు కదిలే బొమ్మలు కావాలి. శబ్దం అక్కర్లేదు, ఆగకుండా తిరుగుతూ ఉండాలి. ఆ పేజీ వీడియో ఫైళ్లను తీసుకోదు. బొమ్మ అయితేనే ఎక్కుతుంది, అదీ 5 ఎంబీ లోపు.

మొదటి క్లిప్: ఎంపీ4, హెచ్.264, 1280×720, సెకనుకు 30 ఫ్రేములు, 6 సెకన్లు, 1.4 ఎంబీ. కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉంది. ముందు ఆరు ఆకుల చక్రం ఒకే వేగంతో తిరుగుతుంటుంది, వెనక లేత రంగు గోడ. ఒక చుట్టుకు 2.4 సెకన్లు.

రెండోది ఫోన్‌తో తీసింది. సెకనుకు 60 ఫ్రేములు, ఇదీ 6 సెకన్లే. కుళాయి నుంచి సన్నగా నీటి ధార పడుతుంటుంది.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు (కమాండ్‌తో వీడియోలను మార్చే ప్రోగ్రామ్) ఇన్‌పుట్ పేరు, అవుట్‌పుట్ పేరు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. మొదటిది 61 ఎంబీ జిఫ్ అయింది. గోడ మీద జల్లెడ అడ్డం పెట్టి చూసినట్టు చుక్కల గళ్లు. లూప్ మళ్లీ మొదలయ్యే చోట చక్రం గెంతుతోంది. రెండోది బ్రౌజర్‌లో తేనె కారినట్టు నడుస్తోంది, 6 సెకన్లది 17 సెకన్ల దాకా తీసుకుంటోంది. ఏ సెట్టింగ్ ఎక్కడ మార్చాలి?

పాలెట్‌పట్టిక:

రాట్నం గారూ, క్లిప్‌లో తప్పేమీ లేదు. జిఫ్ తీరే అంత. హెచ్.264 ముందు ఫ్రేమును చూసి తర్వాతి ఫ్రేమును ఊహిస్తుంది: ఫలానా ముక్క ఇన్ని పిక్సెళ్లు పక్కకు జరిగింది అని రాసుకుని, ఊహకూ నిజానికీ ఉన్న తేడా మాత్రమే దాచుకుంటుంది. 1987లో కంప్యూసర్వ్ తెచ్చిన జిఫ్‌కు ఆ విద్య రాదు. ఒక్కో పిక్సెల్‌కు రంగుల పట్టికలోని ఒక నంబరు రాసి, ఆ నంబర్ల వరుసను ఎల్‌జెడ్‌డబ్ల్యూ అనే పద్ధతితో కుదిస్తుంది. ఫ్రేముల మధ్య దానికి తెలిసిన పొదుపు రెండే రకాలు. మార్పు జరిగిన దీర్ఘచతురస్రం వరకే రాయడం ఒకటి, దాని లోపల మారని పిక్సెళ్లను పారదర్శకంగా వదిలేయడం రెండోది. రంగు ఒక్క మెట్టు మారినా దాని దృష్టిలో అది కొత్త పిక్సెలే.

లెక్క చూడండి. 1280×720 అంటే 9,21,600 పిక్సెళ్లు. పిక్సెల్‌కు ఒక బైట్ చొప్పున 180 ఫ్రేములకు 166 ఎంబీ. దాన్ని 61కి తెచ్చిందంటే ఎల్‌జెడ్‌డబ్ల్యూ తన వంతు చేసినట్టే. పాలెట్ (ఆ రంగుల పట్టిక) ఎంత మార్చినా అక్కడి నుంచి 5 ఎంబీకి దిగదు. కొలత, ఫ్రేముల సంఖ్య, నిడివి, ఈ మూడూ తగ్గాల్సిందే. 480×270కి దింపితే ఫ్రేముకు 1,29,600 పిక్సెళ్లు, అంటే ముందున్న దానిలో ఏడో వంతు.

ఇక చుక్కల గళ్లు. పాలెట్ మీరు ఇవ్వకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్ని వీడియోలకూ ఒకటే స్థిర పట్టిక వాడుతుంది: ఎరుపుకు 8 మెట్లు, ఆకుపచ్చకు 8, నీలానికి 4. మూడూ గుణిస్తే 256. లేత గోడలో ఉన్న సన్నని ఛాయలకు ఆ పట్టికలో చోటు లేదు, అందుకే రెండు రంగుల చుక్కలు పక్కపక్కన పెట్టి మధ్య రంగు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. మీకు కనిపించే జల్లెడ అదే. మీ క్లిప్‌లో నిజంగా ఉన్న రంగులతో పట్టిక తయారు చేయించాలి. దానికి పాలెట్‌జెన్, పాలెట్‌యూజ్ అని రెండు ఫిల్టర్లున్నాయి.

కమాండ్‌ను అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ రాయడం లేదు, వరుస చెబుతాను. ఇన్‌పుట్ పేరుకు ముందే ఎస్ఎస్ ఆప్షన్‌తో మొదలయ్యే సమయం, టీ ఆప్షన్‌తో నిడివి ఇవ్వండి. ఫిల్టర్ల గొలుసులో మొదట ఎఫ్‌పీఎస్ 12.5, తర్వాత స్కేల్ 480, ఎత్తుకు మైనస్ 1 (నిష్పత్తి అదే చూసుకుంటుంది), స్కేల్ ఫ్లాగ్ లాంక్జోస్. అక్కడ స్ప్లిట్ పెట్టి దారిని రెండు చేయండి. ఒక పాయ పాలెట్‌జెన్‌లోకి పోతుంది. రెండో పాయ, పాలెట్‌జెన్ ఇచ్చిన పట్టిక, రెండూ కలిసి పాలెట్‌యూజ్‌లోకి. గొలుసు మొత్తాన్ని కోట్స్‌లో పెట్టడం మరవొద్దు. లోపల సెమీకోలన్ ఉంటుంది, కోట్స్ లేకపోతే లైనక్స్, మ్యాక్ టెర్మినళ్లు కమాండ్ అక్కడితో అయిపోయిందనుకుంటాయి.

ఈ వరుస ముఖ్యం. పాలెట్ చేశాక స్కేల్ చేస్తే అంచుల్లో కొత్త రంగులు పుట్టి, పడిన శ్రమంతా వృథా.

ఇంకో చిక్కుంది. ఆఖరి ఫ్రేము చూసేదాకా పాలెట్‌జెన్ పట్టిక ఇవ్వదు. అప్పటిదాకా రెండో పాయలోని ఫ్రేములన్నీ మెమరీలో వేచి ఉంటాయి. 480×270లో ఫ్రేముకు అర ఎంబీ, ఇబ్బంది లేదు. అదే స్కేల్ చేయకుండా 1920×1080 క్లిప్ పెడితే ఫ్రేముకు 8 ఎంబీ పైనే, 300 ఫ్రేములకు 2.5 జీబీ. కంప్యూటర్ మొరాయిస్తే పనిని రెండు విడతలు చేయండి: మొదటి విడతలో పాలెట్‌ను పీఎన్‌జీ బొమ్మగా దాచడం, రెండో విడతలో దాన్ని రెండో ఇన్‌పుట్‌గా ఇవ్వడం. ఫలితంలో తేడా ఉండదు.

పాలెట్‌జెన్‌లో స్టాట్స్ మోడ్ అని ఒక ఆప్షన్ ఉంది. డిఫ్ అని ఇస్తే కదిలే పిక్సెళ్ల రంగులనే లెక్కలోకి తీసుకుంటుంది. వెనక భాగం కదలకపోతే డిఫ్ పెట్టమని చాలామంది చెబుతారు. మీ క్లిప్‌కు మాత్రం వద్దు. రంగులన్నీ చక్రం ఎగరేసుకుపోతే గోడకు నాలుగు ఛాయలు మిగులుతాయి, పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. డిఫాల్ట్‌గా ఉండే ఫుల్ చాలు.

ఫ్రేమ్‌లెక్క:

పైన చెప్పిన దాంట్లో ఒక్క అంకె తప్ప అన్నీ సరే. 12.5 అనేది 25 ఫ్రేముల క్లిప్‌కు సరిపోతుంది, 30కి కాదు.

జిఫ్‌లో సెకనుకు ఇన్ని ఫ్రేములు అనే లెక్కే లేదు. ప్రతి ఫ్రేము దగ్గర డిలే అని ఒక అంకె ఉంటుంది, సెకనులో వందో వంతుల్లో, అదీ పూర్ణాంకం. డిలే 4 అంటే 25 ఫ్రేములు, 5 అంటే 20, 8 అంటే 12.5, 10 అంటే 10. 30 ఫ్రేములకు 3.33 కావాలి, రాయడం కుదరదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ 3, 3, 4 అని సర్దుతుంది. మొత్తం వేగం తప్పదు గానీ ఒకే వేగంతో తిరిగే చక్రంలో ఆ సన్నని తడబాటు కంటికి ఆనుతుంది.

మీ రెండో క్లిప్ నెమ్మదించడం కూడా ఇక్కడిదే. 60 ఫ్రేములకు డిలే 1.67. అది 2, 1, 2 అని వరుసగా పడుతుంది. డిలే 0 గానీ 1 గానీ కనిపిస్తే బ్రౌజర్లు దాన్ని నమ్మవు, 10 చేసేస్తాయి. కాబట్టి ప్రతి మూడు ఫ్రేములకు 5 పట్టాల్సింది 14 పడుతుంది. 360 ఫ్రేములకు 16.8 సెకన్లు. మీరు చెప్పిన 17 సరిగ్గా అదే. డిలే 2 కంటే కిందికి వెళ్లకూడదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి.

మరి 30ని 12.5 చేస్తే ఏమవుతుంది? ప్రతి 2.4 ఫ్రేములకు ఒకటి తీయాలి. ఫ్రేమును ముక్క చేయలేం కదా, ఎఫ్‌పీఎస్ ఫిల్టర్ రెండేసి, మూడేసి కలగలిపి దాటవేస్తుంది. డిలేలు సమానంగా ఉన్నా చక్రం ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ తిరిగినట్టుంటుంది. దాటవేత సమానంగా ఉండాలంటే 30ని 15 చేయాలి, లేదా 10. 10 అయితే డిలే కచ్చితంగా కుదురుతుంది గానీ చక్రానికి కాస్త మోటు. నా సలహా 15. డిలే 6.67 రావాలి, దాన్ని 7 చేసేయండి. చక్రం 5 శాతం నెమ్మదిగా తిరుగుతుంది, పక్కన అసలు వీడియో పెట్టి చూస్తే తప్ప ఎవరూ పట్టుకోలేరు. తడబాటు అయితే ఎవరైనా పడతారు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ లోపల దీన్ని సెట్ చేయడం తలనొప్పి. టైమ్‌బేస్ (సమయాన్ని కొలిచే ప్రమాణం) ఫ్రేమ్‌రేటుకు ముడిపడి ఉండటంతో మీరు రాసిన అంకె మళ్లీ సర్దుబాటుకు గురవుతుంది. ఎఫ్‌పీఎస్ 15తో జిఫ్ చేసి, తర్వాత జిఫ్‌లను సవరించే జిఫ్‌సికిల్ అనే ప్రోగ్రామ్‌లో డిలే 7 ఇవ్వండి, ఫైల్ పేరుకు ముందు. అన్ని ఫ్రేములకూ పడుతుంది. ఎంపీడెసిమేట్ ఫిల్టర్‌తో ఒకేలా ఉన్న ఫ్రేములు తీసేసిన ఫైల్ మీద మాత్రం ఇది చేయకండి. అందులో ఒక్కో ఫ్రేము డిలే ఒక్కో రకంగా ఉండాలి, అన్నిటికీ 7 పెడితే ఆగాల్సిన చోట ఆగదు.

60 ఫ్రేముల క్లిప్‌కు ప్రతి మూడోది తీస్తే 20, డిలే 5, లెక్క చక్కగా కుదురుతుంది. ఫైల్ బరువైతే ప్రతి ఐదోది తీసి 12 చేయండి, డిలే 8. వేగం 4 శాతం పెరుగుతుంది, నీటి ధారకు అదేం లెక్క కాదు. ఫోన్ వీడియోలో ఫ్రేముల మధ్య వ్యవధి నిలకడగా ఉండదు, అందుకే ఎఫ్‌పీఎస్ ఫిల్టర్‌ను గొలుసులో అన్నిటికంటే ముందు పెట్టాలి.

చక్రాల విషయంలో ఒక జాగ్రత్త. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య చక్రం రెండు ఆకుల మధ్య కోణంలో సగం దాటి తిరిగితే వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మీది సెకనుకు 150 డిగ్రీలు, 15 ఫ్రేముల్లో ఫ్రేముకు 10 డిగ్రీలు. ఆరు ఆకులకు సగం కోణం 30 డిగ్రీలు. కాబట్టి భయం లేదు. సెకనుకు 5 ఫ్రేములకు దింపితే సరిగ్గా 30 అవుతుంది, ఎటు తిరుగుతోందో చూసేవాళ్లకు తెలియదు.

అతుకులబొంత:

గెంతు సంగతి నేను చెప్తాను. 6 సెకన్లలో చక్రం రెండున్నర చుట్లు తిరిగింది. ముగిసే చోట సగం చుట్టు తేడా ఉంది, అతుకు కనబడక ఏం చేస్తుంది? ఒక్క చుట్టు, అంటే 2.4 సెకన్లు మాత్రమే కోయండి. 15 ఫ్రేముల లెక్కన 36 ఫ్రేములు. 37వ ఫ్రేము మొదటి దానికి నకలు, అది ఉండకూడదు. ఉంటే చుట్టుకోసారి చక్రం కనురెప్పపాటు ఆగినట్టుంటుంది. చాలా జిఫ్‌లలో కనిపించే ఆ చిన్న ఆగుడుకు కారణం ఇదే. జిఫ్‌సికిల్‌లో ఇన్ఫో చూసి ఫ్రేములు 37 ఉంటే, సున్నా నుంచి 35 దాకా మాత్రమే ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి.

36 ఫ్రేములంటే 480×270లో కుదించకముందే 4.67 ఎంబీ. మీ 5 ఎంబీ హద్దు దగ్గరికి వచ్చేశారు.

ఆరు ఆకులూ అచ్చు ఒకేలా ఉంటే పూర్తి చుట్టు కూడా అక్కర్లేదు. 60 డిగ్రీలు తిరగ్గానే బొమ్మ మళ్లీ మొదటికి వస్తుంది: 0.4 సెకను, 6 ఫ్రేములు, ముడి లెక్క 0.78 ఎంబీ. ఒక ఆకు మీద గీతో మరకో ఉంటే మాత్రం అది అక్కడక్కడే గెంతుతూ దొరికిపోతుంది.

కోసే పద్ధతిలో జాగ్రత్త. క్లిప్‌ను ముందు కాపీ మోడ్‌లో, అంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కోసి, తర్వాత జిఫ్ చేద్దామనుకోకండి. ఆ మోడ్‌లో కోత కీఫ్రేము (వేరే ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి ఫ్రేము) దగ్గరే పడుతుంది, మీరు కోరిన చోట కాదు. ఎంపీ4 నుంచి నేరుగా జిఫ్‌కు వెళ్తే ఎస్ఎస్ చెప్పిన చోటే మొదలవుతుంది.

నీటి ధారకు సహజంగా తిరిగొచ్చే చోటు ఉండదు. ముందుకు నడిపి వెనక్కి నడిపే ఉపాయం కొన్నిటికి బాగుంటుంది, దీనికి వాడితే నీళ్లు కుళాయిలోకి ఎక్కుతాయి. క్రాస్‌ఫేడ్ చేయాలి, అంటే ఒక దృశ్యం కరుగుతుండగా ఇంకోటి తేలాలి, అదీ ఒక పద్ధతి ప్రకారం. 4 సెకన్ల ముక్క తీసుకోండి. దాన్ని ట్రిమ్ ఫిల్టర్‌తో రెండు చేయండి: 0.5 నుంచి 4 దాకా ఒకటి, 0 నుంచి 0.5 దాకా రెండోది. రెండింటికీ సెట్‌పీటీఎస్‌తో సమయాన్ని సున్నాకు తేవాలి, ట్రిమ్ ఆ పని చేయదు. ఎక్స్‌ఫేడ్‌లో పెద్ద ముక్క ముందు, చిన్నది వెనక, డ్యూరేషన్ 0.5, ఆఫ్‌సెట్ 3. వచ్చేది 3.5 సెకన్లు. అది అసలు క్లిప్‌లోని 0.5 దగ్గర మొదలై, కరుగుతూ వచ్చి మళ్లీ 0.5 దగ్గరే ముగుస్తుంది, అతుకు ఉండదు. చివరను మొదలుతో నేరుగా ఫేడ్ చేసేవాళ్లు ఇక్కడే పొరపడతారు. ఫేడ్ అయ్యాక క్లిప్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అర సెకను భాగం రెండుసార్లు వస్తుంది.

రెండు ముక్కల ఫ్రేమ్‌రేటు, టైమ్‌బేస్ ఒకటి కాకపోతే ఎక్స్‌ఫేడ్ ఒప్పుకోదు, కాబట్టి ముందు ఎఫ్‌పీఎస్ 12, ఆ తర్వాతే స్ప్లిట్. 42 ఫ్రేములు వస్తాయి. నీళ్లలో ప్రతి పిక్సెల్ కదులుతుంది, జిఫ్‌కు ఇంతకంటే గడ్డు సరుకు లేదు. వెడల్పు 320 చేయండి, 320×180 అయితే ముడి లెక్క 2.4 ఎంబీ.

రాట్నం:

చక్రం 36 ఫ్రేములతో, 480×270లో 4.3 ఎంబీకి వచ్చింది. గెంతు పోయింది, జల్లెడ పోయింది. ఇంకా రెండు మిగిలాయి. గోడ మీద చీమలు పాకుతున్నట్టు సన్నగా కదలిక ఉంది, గోడ అయితే నిజంగా కదలదు కదా. 4.3 కూడా ఇంకా తగ్గితే మంచిది. నీళ్ల క్లిప్‌లో వేగం సరిపోయింది గానీ రంగులు వెలిసిపోయి, బూడిద పూసినట్టున్నాయి. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది.

పాలెట్‌పట్టిక:

చీమలకు కారణాలు రెండు, ఒకదాని మీద ఒకటి స్వారీ చేస్తున్నాయి. కెమెరా నాయిస్ వల్ల గోడ పిక్సెళ్ల విలువలు ఫ్రేముకోసారి ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ అవుతాయి. పాలెట్‌యూజ్ డిఫాల్ట్ డిథరింగ్ (లేని రంగుకు బదులు చుక్కలు చల్లే పద్ధతి) సియెర్రా2_4ఏ. అది ఒక పిక్సెల్‌లో మిగిలిన తేడాను పక్క పిక్సెళ్లకు పంచుతూ పోతుంది, కాబట్టి ఎడమ మూల ఒక్క పిక్సెల్ మారినా దాని ప్రభావం కిందిదాకా పాకుతుంది. చుక్కలన్నీ చోటు మారతాయి. కంటికి చీమలు, జిఫ్‌కు కొత్త పిక్సెళ్లు. చుక్కలు మరీ చిందరవందరగా ఉంటే ఎల్‌జెడ్‌డబ్ల్యూ ఫలితం ముడి లెక్క కంటే పెద్దది కావడం కూడా ఉంది. దాని కోడ్ 12 బిట్ల దాకా పెరుగుతుంది, పిక్సెల్‌కేమో 8 బిట్లే. వరుసగా రెండు పిక్సెళ్లయినా పాత జతలతో కలవకపోతే నష్టమే.

డిథర్‌ను బేయర్ చేయండి. బేయర్ చుక్కలు పిక్సెల్ ఉన్న చోటును బట్టి పడతాయి, పొరుగు పిక్సెళ్లతో దానికి పని లేదు. గోడ మారకపోతే చుక్క మారదు. బేయర్ స్కేల్ 0 నుంచి 5 దాకా ఉంటుంది: చిన్న అంకెకు గళ్లు ఎక్కువ కనబడతాయి, పెద్ద అంకెకు పట్టీలు ఎక్కువ. డిఫాల్ట్ 2. మీ గోడకు 3తో మొదలుపెట్టి చూడండి. డిఫ్‌మోడ్ రెక్టాంగిల్ (మారిన దీర్ఘచతురస్రాన్నే మళ్లీ లెక్కించేది) కూడా పెట్టవచ్చు గానీ నాయిస్ ఉన్నంతసేపూ ఆ దీర్ఘచతురస్రం ఫ్రేము మొత్తమే అవుతుంది, ప్రయోజనం ఉండదు.

నాయిస్‌కు హెచ్‌క్యూడీఎన్3డీ ఫిల్టర్, స్కేల్ కంటే ముందు. 1.5, 1.5, 6, 6 చాలు. చివరి రెండూ కాలం వెంబడి చదును చేసేవి. వాటిని బాగా పెంచితే చక్రం ఆకుల వెనక నీడలు తోకల్లా వస్తాయి.

ఇంత చేసినా గోడ పూర్తిగా నిలవదు. దాన్ని నిజంగా కట్టిపడేయాలంటే క్లిప్ నుంచి ఒక్క ఫ్రేమును పీఎన్‌జీగా తీసి దాన్నే నేపథ్యం చేయండి. క్లిప్‌లో చక్రం ఉన్న చదరాన్ని క్రాప్ చేసి, అదే చోట ఓవర్‌లేతో అతికించండి. పాలెట్ పని ఇదంతా అయ్యాకే. చక్రం 240×240లో పడితే మారే పిక్సెళ్లు ఫ్రేముకు 57,600 మాత్రమే, మొత్తంలో 44 శాతం. చదరం బయట ప్రతి పిక్సెల్ అన్ని ఫ్రేముల్లోనూ ఒక్కటే, అప్పుడు రెక్టాంగిల్ కూడా పనికొస్తుంది, చీమకు చోటుండదు. దీపపు వెలుతురు మినుకు మినుకుమంటుంటే మాత్రం చదరం అంచు గీతలా బయటపడుతుంది. అప్పుడు అంచును మెత్తబరిచిన మాస్క్ వాడాలి.

ఆఖరున జిఫ్‌సికిల్‌తో ఓ3 (ఫైల్‌ను చిన్నది చేసే ఆప్షన్), దానితోపాటు లాసీ (నాణ్యత కొంత వదులుకుని కుదించేది) 30. లాసీని 80, 100 దాకా తీసుకెళ్లేవాళ్లున్నారు, చదునైన గోడ మీద అడ్డంగా చారలు పడతాయి. నేనైతే 40 దాటను. పాత జిఫ్‌సికిల్‌లో లాసీ ఉండదు, 1.92 నుంచే వచ్చింది.

తెరవెనుక:

రంగు వెలిసిపోవడం జిఫ్ తప్పు కాదు. మీ ఫోన్ హెచ్‌డీఆర్‌లో (మామూలు కంటే ఎక్కువ వెలుగునీడలు పట్టే వీడియో) తీసింది. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో (ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోపాటు వచ్చే, ఫైల్ వివరాలు చూపే ప్రోగ్రామ్) కలర్ ట్రాన్స్‌ఫర్ అన్న వరుస చూడండి. అక్కడ ఏఆర్‌ఐబీ-ఎస్‌టీడీ-బీ67 అని ఉంటే హెచ్ఎల్‌జీ, ఎస్ఎంపీటీఈ2084 అని ఉంటే పీక్యూ. రెంటిలో ఏదైనా హెచ్‌డీఆరే. ఆ అంకెలను మామూలు వీడియో అంకెలనుకుని నేరుగా మారిస్తే ఇలాగే బూడిద రంగు వస్తుంది.

టోన్‌మ్యాప్ చేయాలి, అంటే ఆ వెలుగులను మామూలు వీడియో హద్దుల్లోకి దించాలి. గొలుసు ఇలా: జెడ్‌స్కేల్‌తో ట్రాన్స్‌ఫర్‌ను లీనియర్ చేసి ఎన్‌పీఎల్ 100 ఇవ్వండి. తర్వాత ఫార్మాట్ జీబీఆర్‌పీఎఫ్32ఎల్ఈ. మళ్లీ జెడ్‌స్కేల్‌తో ప్రైమరీలు బీటీ709. అప్పుడు టోన్‌మ్యాప్ హేబుల్. ఇంకోసారి జెడ్‌స్కేల్‌తో ట్రాన్స్‌ఫర్, మ్యాట్రిక్స్ బీటీ709, రేంజ్ టీవీ. చివర ఫార్మాట్ వైయూవీ420పీ. ఈ తంతంతా అయ్యాకే స్కేల్, పాలెట్. జెడ్‌స్కేల్ అనే ఫిల్టర్ లేదని ఎర్రర్ వస్తే మీ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను జిమ్గ్ లైబ్రరీ లేకుండా తయారు చేశారన్నమాట, అది ఉన్న బిల్డ్ తెచ్చుకోవాలి. హేబుల్ బొమ్మను కొంచెం చీకటి చేస్తుంది. నచ్చకపోతే మోబియస్ పెట్టి చూడండి.

ఇంత ఓపిక లేకపోతే ఫోన్ కెమెరా సెట్టింగ్‌లో హెచ్‌డీఆర్ వీడియో ఆపేసి మళ్లీ తీయడమే సులువు. కుళాయి ఎక్కడికీ పోదు.

ఒక మాట. బొమ్మ ఫైల్ మాత్రమే అన్నారు, జిఫ్ మాత్రమే అనలేదు. ఆ పేజీ వెబ్‌పీ తీసుకుంటే ఈ కష్టాల్లో సగం ఉండవు. దానికి 256 రంగుల హద్దు లేదు, సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది, నీళ్లలాంటి దృశ్యాన్ని జిఫ్ కంటే ఎంతో చిన్నగా కుదిస్తుంది. ఏపీఎన్‌జీ కూడా ఉంది గానీ అది నష్టం లేని కుదింపు, కెమెరా వీడియోకు జిఫ్ కంటే బరువవుతుంది.

గళ్లనోట్‌బుక్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది స్క్రీన్ రికార్డింగ్, 1920×1080. 640కి తగ్గించాక అక్షరాలు చదవలేకపోతున్నాం. పాలెట్ అంతా పైన చెప్పినట్టే చేశాను.

ఫ్రేమ్‌లెక్క:

స్క్రీన్ రికార్డింగ్‌ను తగ్గించకండి, కత్తిరించండి. మెనూ తెరుచుకునే 640×360 భాగాన్ని క్రాప్ చేస్తే అక్షరం అసలు సైజులోనే ఉంటుంది. మొత్తం తెర చూపించక తప్పదంటే, ముందే తెర రిజొల్యూషన్ తగ్గించి మళ్లీ రికార్డ్ చేయండి. మూడో వంతుకు దిగిన అక్షరాన్ని ఏ ఫిల్టరూ బతికించలేదు.

డిథర్ నన్ పెట్టండి. తెర మీద చదునైన రంగులే ఉంటాయి, చుక్కలు అనవసరం, అవి అక్షరాల అంచుల్ని తింటాయి. ఎరుపు, నీలం అక్షరాలు అలికినట్టుంటే అది జిఫ్‌కు ముందే జరిగింది: ఎంపీ4లో సాధారణంగా రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకు ఒకటే ఉంటుంది. రికార్డ్ చేసేటప్పుడే 4:4:4 (ప్రతి పిక్సెల్‌కూ రంగు సమాచారం ఉండేది) ఎంచుకోవాలి. ఎంపీడెసిమేట్ మీకు బాగా పనికొస్తుంది, తెర కదలని సేపు ఒకే ఫ్రేము, పెద్ద డిలే. చివర ఫలితం మీద కాసేపు ఆగాలంటే జిఫ్ అవుట్‌పుట్‌కు ఫైనల్ డిలే ఆప్షన్ ఇవ్వండి, 150 అంటే ఒకటిన్నర సెకను.

రాట్నం:

ఆ పేజీ వెబ్‌పీ తీసుకోదు, చూశాను. జిఫ్‌లోనే పని అయిపోయింది. చక్రం నిలిచిన గోడ, అతికించిన చదరం, బేయర్ 3, లాసీ 30తో 1.6 ఎంబీ. నీళ్లు 320×180లో, టోన్‌మ్యాప్ చేశాక 2.1 ఎంబీ. కానీ చక్రం ఇప్పుడు ఒక్కసారి తిరిగి ఆగిపోతోంది. ఇంతకుముందు ఆగేది కాదు.

అతుకులబొంత:

జిఫ్ మూల ఫార్మాట్‌లో లూప్ అనే మాటే లేదు. నెట్‌స్కేప్ బ్రౌజర్ వాళ్లు తెచ్చిన ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ బ్లాకు ఫైల్ మొదట్లో ఉంటేనే తిరుగుతుంది. ఏదో ఒక దశలో ఫ్రేములు విడదీసి మళ్లీ కలిపి ఉంటారు, అక్కడ ఆ బ్లాకు జారిపోయింది. జిఫ్‌సికిల్‌లో లూప్‌కౌంట్ 0 ఇచ్చి మళ్లీ సేవ్ చేయండి. సున్నా అంటే ఆగకుండా అని అర్థం, అసలు తిరగొద్దని కాదు. ఇన్ఫోలో లూప్ ఫరెవర్ అని, ప్రతి ఫ్రేముకూ డిలే 0.07 సెకను అని కనిపించాలి. పేజీలో ఏ వెడల్పున చూపిస్తారో ఆ వెడల్పులోనే ఎక్కించండి. కొన్ని చోట్ల పెద్ద బొమ్మను సర్వరే చిన్నది చేస్తూ మొదటి ఫ్రేము ఒక్కటే మిగులుస్తుంది.